అంటుకోవాలి, అంటు మిగలరాదు

మృదంగ విద్వాంసుడు కచేరీకి కూర్చొనే ముందు ఒక చిన్న పని చేస్తాడు. బొంబాయి రవ్వను నీటితో తడిపి, మెత్తగా మెదిపి, ఆ ముద్దను మృదంగం ఎడమ మూత నడుమ అద్దుతాడు. ఆ బరువు వలన ఎడమ వైపు నాదం మంద్రంగా, నిండుగా పలుకుతుంది. కచేరీ ముగియగానే ఆ ముద్దను గీకివేసి, తోలును తుడిచి, వాద్యాన్ని సంచిలో భద్రపరుస్తాడు. అట్లే వదలివేస్తే రవ్వ ఎండి, తోలును పట్టుకొని, దానిని పాడుచేస్తుంది. పని ఉన్నంత సేపు అంటిపెట్టుకొని ఉండడం, పని తీరగానే ఆనవాలు లేకుండా తొలగిపోవడం అనే రెండు గుణాలూ గల పదార్థాన్ని మన సంగీతజ్ఞులు వంటింటి డబ్బాలోనే కనుగొన్నారు.

అదే సభాభవనంలో, ప్రేక్షకుల వెనుక, చీకటిలో చిన్న దీపం వెలుగున మరొక వ్యక్తి కూర్చొని ఉంటాడు. అతని ముందు మిక్సింగ్ కన్సోలు ఉంటుంది. అతనికి కూడా సరిగ్గా అటువంటి పదార్థమే కావాలి. కాని అతడు వెతుక్కోవలసినది వంటింటిలో కాదు, హార్డ్‌వేరు దుకాణంలో. అక్కడ పదుల రకాల టేపులు వరుసగా వ్రేలాడుతూ ఉంటాయి. వాటిలో చాలా భాగం ఈ పనికి పనికిరావు.

వర్జీనియా రాష్ట్రంలో డల్లెస్ అంతర్జాతీయ విమానాశ్రయానికి పక్కనే ఉన్న షాంటిలీ, దాని చుట్టుపక్కల ఊళ్ళు నేడు అనేక తెలుగు కుటుంబాలకు నివాస స్థానాలు. సంక్రాంతికీ, ఉగాదికీ, దీపావళికీ ఏదో ఒక హైస్కూలు ఆడిటోరియం అద్దెకు తీసుకొని సాంస్కృతిక కార్యక్రమాలు జరుపుకోవడం ఈ ప్రాంతంలో వాడుక. వేదిక అద్దెది, కుర్చీలు అద్దెవి, శబ్ద పరికరాలు కూడా పాఠశాలవో అద్దె సంస్థవో అయి ఉంటాయి. సొంతమైనవి రెండే: పాడే గొంతులు, పనిచేసే స్వచ్ఛంద సేవకుల చేతులు. కన్సోలు ముందు కూర్చొనేది సాధారణంగా ఆ సేవకులలో ఒకరు. వారమంతా కంప్యూటరు ముందు కూర్చొని, శనివారం ఫేడర్ల ముందుకు వచ్చిన మనిషి.

మధ్యాహ్నం మూడింటికి మొదలైన కార్యక్రమం రాత్రి పదింటికి గాని ముగియదు. ముప్పై అంశాలు ఉంటాయి. మొదటి చానెలు వ్యాఖ్యాత్రిది, రెండవది వ్యాఖ్యాతది, మూడవది నట్టువాంగానిది, నాల్గవది గాత్రానిది, ఆ తరువాత మృదంగం, ఫిడేలు, వేణువు, నాటిక కోసం పైనుండి వ్రేలాడదీసిన మైకులు, చివరి రెండూ నృత్యాల పాటలు వినిపించే ల్యాప్‌టాప్‌వి. అన్ని ఫేడర్లూ ఒకే తీరుగా ఉంటాయి. ఆరు గంటలకు కన్సోలు ముందు మనిషి మారుతాడు, ఎందుకంటే మొదటి మనిషి భోజనాల వద్ద వడ్డించవలసి ఉంటుంది. కొత్తగా వచ్చినవాడికి ఏది ఏదో తెలిపేది ఫేడర్ల కింద అంటించిన తెల్లని టేపు పట్టీ ఒక్కటే. ఆరు నెలలు సాధన చేసిన ఏడేళ్ళ పాప అన్నమయ్య కీర్తన ఎత్తుకొన్నపుడు, ఆమె మైకుకు బదులు ఖాళీగా ఉన్న ఫిడేలు మైకు తెరచి ఉంటే, మొదటి పల్లవి మూడవ వరుస దాటి వినిపించదు. పొరపాటు గ్రహించి సరిచేసేసరికి పాప బిక్కముఖం వేసుకొని తల్లి వైపు చూస్తూ ఉంటుంది. ఆ పల్లవిని మరల తెప్పించడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు.

పట్టీ అంటించడం అందుకొరకు. అయితే పట్టీ తీసివేసిన తరువాత దాని జిగురు కన్సోలు మీద మిగిలితే మరొక చిక్కు మొదలవుతుంది. ఆ జిగట మీద దుమ్ము చేరి నల్లని చారలు కడుతుంది. వేళ్ళ ద్వారా అది ఫేడర్ల పిడుల మీదికి పాకుతుంది. తరువాతి కార్యక్రమంలో ఆ మురికి మీద కొత్త టేపు నిలవదు. అద్దె సంస్థవారు శుభ్రం చేసినందుకు రుసుము వేస్తారు, లేదా వచ్చే ఏడు పాఠశాలవారు కన్సోలు గదికి తాళం వేస్తారు. అంతకన్న పెద్ద నష్టం, ఆ జిగురును వదిలించే తొందరలో ఎవరో ఒకరు గోళ్ళ రంగు తుడిచే ద్రవం తెచ్చి రుద్దడం. అప్పుడు జిగురుతోబాటు కన్సోలు మీద ముద్రించిన అక్షరాలు కూడా పోతాయి.

జిగురు అంటుకోవడంలోని రహస్యం

తుమ్మజిగురు గాని, సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురు గాని తడిగా ఉన్నపుడు పూయబడి, ఆరి గట్టిపడి పట్టుకొంటాయి. టేపు జిగురు తత్త్వం వేరు. అది ఎన్నడూ ఆరదు, ఎన్నడూ గట్టిపడదు, గట్టిపడకూడదు కూడా. వేలితో ఒత్తితే చాలు అంటుకొంటుంది. ఇది ఏకకాలంలో ద్రవంవలెనూ ఘనంవలెనూ ప్రవర్తించే పదార్థం. ఒత్తినపుడు ద్రవంవలె పారి, తలంలోని సూక్ష్మమైన గుంటలలోనికి చేరుకొంటుంది. లాగినపుడు ఘనంవలె ఎదురు నిలుస్తుంది. ఎంత మెత్తగా ఉంటే జిగురు ఇట్లా పారగలదో 1960లలో త్రీఎమ్ సంస్థ శాస్త్రజ్ఞుడు కార్ల్ డాల్‌క్విస్ట్ నిర్ణయించాడు. దాని స్థితిస్థాపక గుణకం సుమారు 3 లక్షల పాస్కల్‌లకు మించితే, జిగురు తలాన్ని తాకుతుంది గాని పట్టుకోదు.

తెలుగు మాధ్యమంలో భౌతికశాస్త్రం చదివినవారికి రెండు మాటలు గుర్తుండే ఉంటాయి: సంసంజన బలం, అసంజన బలం. ఒకే పదార్థపు అణువులు పరస్పరం పట్టుకొనే బలం సంసంజనం. వేరొక పదార్థాన్ని పట్టుకొనే బలం అసంజనం. గాజు గొట్టంలో నీరు, పాదరసం ప్రవర్తించే తీరును వివరించడానికి ఉపాధ్యాయులు ఈ మాటలు వాడేవారు. కన్సోలు మీది టేపు కథ అంతా ఈ రెండింటి పోటీయే. టేపును లాగినపుడు జిగురుకూ కన్సోలుకూ నడుమ బంధం ముందు తెగితే కన్సోలు శుభ్రంగా మిగులుతుంది. జిగురు తనలో తానే ముందు తెగితే సగం టేపుతో వస్తుంది, సగం కన్సోలు మీద నిలిచిపోతుంది. కనుక ఈ పనికి కావలసినది బలహీనమైన జిగురు కాదు. కన్సోలును మితంగానూ తనను తాను గట్టిగానూ పట్టుకొనే జిగురు. కొనేవారు సాధారణంగా పొరబడేది ఇక్కడే.

వేడి, కాలం ఈ పోటీ ఫలితాన్ని తారుమారు చేస్తాయి. అరిసెలు వండినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. బెల్లం పాకం లేతగా ఉన్నపుడు వేళ్ళ మధ్య తీగ సాగుతుంది. మరికొంత కాగితే ఉండ కడుతుంది. ముదిరితే పెళుసై విరుగుతుంది. మంచి టేపు జిగురు ఉండపాకం వంటిది. జూలై నెలలో షాంటిలీ ఎండలో నిలిపిన కారు డిక్కీలో టేపు చుట్టను పెడితే, లేదా స్టేజి దీపాల పక్కన వేడెక్కిన కన్సోలు మీద దానిని అంటిస్తే, జిగురు తీగపాకంగా మారుతుంది. అంటే లాగినపుడు తెగి, దారాలుగా సాగి, కన్సోలు మీద నిలిచిపోతుంది. నెలల తరబడి వదలివేస్తే రబ్బరు జిగురు గాలిలోని ఆక్సిజనుతో కలిసి ముదురుపాకమవుతుంది. అప్పుడు కాగితం ఊడివస్తుంది గాని, పసుపుపచ్చని పెంకు కన్సోలు మీద ఉండిపోతుంది. చలికాలపు చిక్కు దీనికి వ్యతిరేకం. జనవరి సంక్రాంతి సంబరాలకు ట్రక్కులోనుండి అప్పుడే దింపిన కన్సోలు మంచువలె చల్లగా ఉంటుంది. వెచ్చని హాలులోకి రాగానే దాని మీద సన్నని చెమ్మ పడుతుంది. ఆ చలికి జిగురు బిగుసుకొని పారదు, చెమ్మ వలన పట్టదు. పట్టీ అంచులు చుట్టుకొని లేస్తాయి. ఒక గంట ఆగి, పొడిగుడ్డతో తుడిచి అంటించడమే దీనికి ఉపాయం.

టేపు జిగురుకు చురుకుదనం ఇచ్చే ద్రవ్యాలలో ఒకటి పైన్ చెట్ల స్రావం నుండి తీసే రోజిను. ఫిడేలు విద్వాంసులు కమానుకు రుద్దుకొనేది కూడా ఇదే. కమాను తీగను కొంత పట్టి, వదలి, మరల పట్టి, మరల వదలడం వలన ఫిడేలు పలుకుతుంది. టేపును చుట్ట నుండి లాగినపుడు వచ్చే కీచు ధ్వని పుట్టే విధానమూ అదే. జిగురు పట్టుతూ వదలుతూ ఉంటుంది. కనుక నాటిక జరుగుతున్నపుడు కన్సోలు దగ్గర టేపు చింపరాదని వేరుగా చెప్పనక్కరలేదు.

ఊడదీయడానికే పుట్టిన టేపు

1920లలో అమెరికాలో రెండు రంగుల కార్లు మోజుగా ఉండేవి. ఒక రంగు వేసేటపుడు మిగిలిన భాగాన్ని వార్తాపత్రికలతో కప్పి జిగురుతో అంటించేవారు. తీసేటపుడు కాగితంతోబాటు కొత్త రంగు కూడా ఊడివచ్చేది. గరుకు కాగితం నమూనాలతో సెయింట్ పాల్ నగరంలోని ఒక కార్ల దుకాణానికి వెళ్ళిన త్రీఎమ్ ఉద్యోగి రిచర్డ్ డ్రూ ఆ రంగులవారి విసుగు విన్నాడు. సుమారు రెండేళ్ళు ప్రయోగాలు చేసి, 1925లో ముడతల కాగితం మీద జిగురు పూసి మాస్కింగ్ టేపును తయారుచేశాడు. అంటుకోవడంకన్న చక్కగా ఊడిరావడం దాని ముఖ్య ప్రయోజనం. ఈ పుట్టుకను బట్టి చూస్తే కన్సోలు టేపు దాని వంశంలోనిదే.

డక్ట్ టేపు వంశం వేరు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మందుగుండు పెట్టెలకు తడి తగలకుండా మూయడానికి గుడ్డతో చేసిన టేపు కావాలని ఇలినాయ్ రాష్ట్రపు ఆయుధ కర్మాగారంలో పనిచేసే వెస్టా స్టౌట్ అనే మహిళ 1943లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు లేఖ వ్రాసింది. ఆ ప్రయత్నం ఫలించి వచ్చిన టేపు వదలకుండా పట్టుకోవడానికే రూపొందింది. అది కన్సోలు దరిదాపులకు రాకూడదు. కాని దానికీ ఒక పరాజయం ఉన్నది. 1972 డిసెంబరులో అపోలో 17 యాత్రికులు చంద్రుని మీద తమ వాహనపు చక్రం మీది రేకు విరిగినపుడు దానిని ఈ రకం టేపుతోనే అతికించారు. చంద్రధూళి పేరుకొని ఉన్నందున అది నిలవక ఊడిపోయింది. మరునాడు నాలుగు పటాలను టేపుతో జతచేసి, క్లాంపులతో బిగించవలసి వచ్చింది. షాంటిలీలోనే ఉన్న ఉద్వార్-హేజీ ప్రదర్శనశాలలో డిస్కవరీ అంతరిక్ష నౌకను చూడబోయే పిల్లలకు ఈ కథ చెప్పవచ్చు. ధూళి మీద ఏ టేపూ నిలవదు, చంద్రుని మీదనైనా, పాఠశాల కన్సోలు మీదనైనా.

ఏది కొనాలి?

పారదర్శకమైన సాధారణ టేపు మీద మార్కరు నిలవదు, తీసేటపుడు చీలికలుగా చినుగుతుంది. దానిని తలచుకోనక్కరలేదు. విద్యుత్ పనివారు వాడే ప్లాస్టిక్ టేపును, ముఖ్యంగా తెల్లదానిని, కొందరు శబ్ద నిపుణులు ఇష్టపడతారు. సాగుతుంది, చేతితో తెంచవచ్చు, ఒక సాయంత్రానికి మేలుగానే పనిచేస్తుంది. అయితే ఆ ప్లాస్టిక్కును మెత్తబరిచేందుకు కలిపిన నూనె వంటి ద్రవ్యం కాలక్రమాన జిగురులోకి దిగి దానిని పలచబరుస్తుంది. వారం గడచినా తీయకపోతే అంచుల వెంట బంక కారుతుంది. సాగదీసి అంటించినది తిరిగి కుంచించుకొని, తన వెనుక ఒక జిగట గీతను వదలుతుంది. మార్కరు వ్రాత కూడా చేయి తగిలితే చెరుగుతుంది.

గాఫర్ టేపు రంగస్థలం వారికి ప్రీతిపాత్రమైనది. 1959లో రాస్ లోవెల్ అనే ఛాయాగ్రాహకుడు తన దీపాల పని కోసం దీనికి రూపమిచ్చాడు. గుడ్డతో చేయబడి, కాంతిని మెరయనీయక, చక్కగా ఊడివస్తుంది. నేల మీద తీగలు అణచడానికి దీనికి మించినది లేదు. కన్సోలుకు మాత్రం ఇది అవసరానికి మించిన బలం, అవసరానికి మించిన ధర. శాశ్వతంగా ఉన్న దేవాలయపు లేదా కళాశాల కన్సోలు మీద నెలల తరబడి ఉంచితే ఇది కూడా జిగురు వదలుతుంది. నీలిరంగు మాస్కింగ్ టేపు సురక్షితమైనదే. పధ్నాలుగు రోజుల వరకు శుభ్రంగా వస్తుందని తయారీదారులు హామీ ఇచ్చే రకాలున్నవి. దాని లోపం వేరొకటి: ముడతల మీద అక్షరం అలుక్కుపోతుంది, నీలం మీద నలుపు చీకటిలో కనిపించదు. చదవడానికి వీలులేని పట్టీ ఉండి ప్రయోజనం లేదు. గోధుమ రంగు చవక మాస్కింగ్ టేపు ఒక పూటకే. సాయంత్రమే తీసివేయగలిగితే సరే, మరచిపోయే అలవాటున్న సంఘాలకు, అంటే ఇంచుమించు అన్ని సంఘాలకు, అది తగదు.

మిగిలినది నున్నని తెల్ల కాగితపు టేపు. చిత్రకళా సామగ్రి దుకాణాలలో దీనిని ఆర్టిస్ట్ టేపు అనీ, శబ్ద పరికరాల దుకాణాలలో కన్సోలు టేపు అనీ అంటారు. ముడతలు లేని కాగితం, మితమైన పట్టు గల జిగురు, మెరుపు లేని తెలుపు, చేతితో చిరిగే గుణం దీని విశేషాలు. మార్కరు దీని మీద వెంటనే ఆరి నిలుస్తుంది. అర అంగుళం, ముప్పాతిక అంగుళం వెడల్పులలో లభిస్తుంది. కన్సోలు మీద పేర్లు వ్రాసుకొనే ఖాళీ పట్టీ ఎంత వెడల్పు ఉన్నదో ముందుగా కొలుచుకోవడం మంచిది. టేపు ముద్రిత అక్షరాల మీదికి పాకితే అవి కప్పబడడమే గాక, తీసేటపుడు లేచివచ్చే అపాయం కూడా ఉన్నది. ధర హార్డ్‌వేరు దుకాణపు మాస్కింగ్ టేపుకన్న ఎక్కువే. కాని ఒక చుట్ట ఒక సంఘానికి చాలాకాలం వస్తుంది.

2012లో వచ్చిన బెరింగర్ ఎక్స్32 వంటి డిజిటల్ కన్సోళ్ళలో ప్రతి ఫేడరు వద్ద పేరు చూపే చిన్న తెర ఉంటుంది. అప్పటినుండి ఇక టేపుతో పని లేదన్నవారున్నారు. అయితే ఆ తెరల మీద పేర్లు టైపు చేయడం వచ్చినవాడు భోజనాల వద్ద ఉన్నపుడు, కార్యక్రమంలో అంశాల వరుస మారినపుడు, మార్కరు పట్టగల చేయి ఏదైనా టేపు మీద దిద్దగలదు. తెలుగులోనే వ్రాయగలదు. పాఠశాలల ఆడిటోరియంలలో తెరలు లేని పాత కన్సోళ్ళు కూడా ఇంకా ఉన్నవి.

అంటించడం, తీయడం

కొత్త టేపును కార్యక్రమానికి ముందు రోజే కన్సోలు వెనుక వైపు కనబడని చోట గోరంత అంటించి, మరునాడు తీసి చూడడం ఉత్తమం. అంటించే చోటును పొడిగుడ్డతో తుడవాలి. పట్టీని బిగలాగక, వదులుగా పరచి, వేలితో మెల్లగా ఒత్తాలి. అరచేతితో బలంగా రుద్దినకొద్దీ జిగురు లోనికి పారుతుంది, గంటలు గడచినకొద్దీ పట్టు పెరుగుతుంది. ఒక కొసను కొంచెం వెనక్కి మడచి ఉంచితే, తీసేటపుడు గోళ్ళతో గీకవలసిన అవసరం రాదు. పేర్లను అంటించక ముందే బల్ల మీద వ్రాసుకొనేవారున్నారు. పలచని కాగితం గుండా మార్కరు సిరా దిగకుండా అది కూడా ఒక జాగ్రత్తే.

తీసేటపుడు కన్సోలు చల్లబడే వరకు ఆగాలి. పట్టీని వెనక్కి మడచినట్లు, తలానికి దగ్గరగా, ఆగకుండా ఒకే వేగంతో లాగాలి. చటుక్కున లాగితే కాగితం చినుగుతుంది. వెచ్చని కన్సోలు మీద మరీ మెల్లగా లాగితే జిగురుకు తీగ సాగే వ్యవధి దొరుకుతుంది.

ఇంత చేసినా కొంత జిగురు మిగిలితే మొదటి మందు ఆ టేపే. తాజా ముక్కను దాని మీద అద్ది, చటుక్కున ఎత్తుతూ పోతే పాత జిగురు కొత్త జిగురుతో కలిసి లేచివస్తుంది. అప్పటికీ పోని దానికి ద్రావణి కావాలి. పనసపండు కోసేవారు ముందుగా చేతికి నూనె రాసుకొంటారు. నీటికి లొంగని ఆ పాలు నూనెకు లొంగుతాయి. రబ్బరు జిగురు కూడా అటువంటిదే. సిగరెట్ లైటర్లలో పోసే నాఫ్తాను గాని, ఐసోప్రొపైల్ ఆల్కహాలును గాని గుడ్డకు కొద్దిగా తడిచేసి తుడవాలి. కన్సోలు మీద ఎన్నడూ పోయరాదు. ఫేడరు సందులలోనికి దిగిన ద్రవం దాని లోపలి పూతను చెరచి, ఆపై జరిపినపుడల్లా బరబర శబ్దం తెప్పిస్తుంది. రెండూ మండే ద్రవాలే కనుక విద్యుత్తు ఆపివేయాలి, కిటికీ తెరవాలి. నాఫ్తాను సైతం ముందుగా మూల ఒకచోట పరీక్షించాలి. గోళ్ళ రంగు తుడిచే అసిటోనును మాత్రం గది బయటే ఉంచాలి. అది ప్లాస్టిక్కునే కరిగిస్తుంది.

అనేక ట్రాకుల మీద పాటను నమోదు చేసే స్టూడియోలలో ఒక మంచి అలవాటు ఉండేది. పనిలో ఉన్న పాటను మధ్యలో ఆపవలసి వస్తే, కన్సోలు మీది టేపు పట్టీని ఊడదీసి, పారవేయక, ఆ పాట రీళ్ళ పెట్టె మూత లోపల అంటించేవారు. మరల ఆ పాట చేపట్టిన నాడు అదే పట్టీ తిరిగి ఫేడర్ల కిందికి వచ్చేది. శుభ్రంగా ఊడివచ్చే టేపుకు మాత్రమే ఈ రెండవ జన్మ సాధ్యం. తెలుగు సంఘాలవారు దీనిని సులభంగా అనుసరించవచ్చు. శుక్రవారం రిహార్సలులో వ్రాసుకొన్న పట్టీని నున్నని ప్లాస్టిక్ ఫైలు అట్ట మీద అంటించి ఇంటికి తీసుకుపోయి, శనివారం తిరిగి తేవచ్చు. కార్యక్రమం ముగిసి, లోపల తెర దించుతూ, మృదంగ విద్వాంసుడు ఎడమ మూత మీది రవ్వ ముద్దను గీకుతూ ఉన్నపుడు, హాలు వెనుక ఒకరు "గాత్రం, మృదంగం, ఫిడేలు, వేణువు" అని వ్రాసి ఉన్న ఆ పొడవాటి తెల్లని పట్టీని రెండు చేతులా పట్టుకొని, అదే అట్ట మీద మరల పరుస్తూ ఉంటారు. ఉగాదికి అవే వాద్యాలు వస్తాయి.